పాడని చీటీ

ప్రతి నెలా ఐదో తారీఖు సాయంత్రం
పెంచలమ్మత్త గుమ్మం ముందు పట్టా పరుస్తారు.
పుళియాంతోప్పులో మా సందు ఎంతంటే
పట్టా పరిస్తే సైకిలు దిగి నడవాలి.
ఇరవై మంది ఆడవాళ్ళు
పనికోట్లు విప్పకుండానే కూర్చుని
ఒకరి మీద ఒకరు పాడతారు:
కూతురు ఈడేరిందని,
మొగుడి కాలు విరిగిందని,
గాలివానకి రేకు ఎగిరిపోయిందని.
పాటంటే రాగం కాదు. ఎవరి అవసరం ఎంత లోతో
రూపాయల్లో అరిచి చెప్పడం.

పదేళ్ళప్పటినుంచీ ఆ లెక్కలు నావి.
తెలుగు పేర్లు, అరవ అక్షరాలు.
నా పుస్తకంలో దేశమ్మత్త ఎప్పుడూ తేసమ్మే.

మూడో భాష మూర్ మార్కెట్లో దొరికింది,
నలభై రూపాయలకి, అట్ట లేని జర్మన్ పుస్తకం.
నాకంటే ముందు ఎవరో
జవాబులన్నీ పెన్సిలుతో నింపేశారు.
సగం తప్పులు.
అమ్మ మస్టరు షెడ్డులో ఫ్యానుంది, అక్కడ కూర్చుని
ఆ తప్పులన్నీ కంఠతా పట్టాను.
పరీక్ష రెండుసార్లు పోయింది,
ముక్కూ మొహం తెలియని ఆ మనిషితో కలిసి పోయింది.
మూడోసారికి రబ్బరు కొన్నాను.

సీటు వచ్చింది. ఫీజు లేదు.
ఏడాది తిండికి మాత్రం పదకొండు లక్షలు
ఖాతాలో వేసి, తాళం పెట్టి, చూపించాలి.
"ఆకలి కాదని ముందే కాయితం ఇయ్యాలా?"
అమ్మ అడిగింది.
బ్యాంకులో ఆస్తి అడిగారు.
మా ఇల్లు హౌసింగ్ బోర్డుది,
గోడకి మేకు కొట్టినా సంజాయిషీ చెప్పుకోవాలి.
నాన్న గ్రాట్యుటీ. అమ్మ కమ్మలు.
షావుకారుపేట సేటు దగ్గర ఆరు గాజులు,
ఎవరివో చెప్పనని ఒట్టు.
ఇంకా ఒక లక్ష.

ఆ నెల పెంచలమ్మత్త
కంచం మీద గరిటెతో కొట్టింది.
"లక్ష చీటీ. పాడండమ్మా."
ఎవరూ పాడలేదు.
రమణక్క కొడుకు స్టాన్లీ ఆసుపత్రిలో
పదకొండు రోజులుగా ఉన్నాడు. అందరికీ తెలుసు.
రమణక్క కొంగు ముడి విప్పింది, మళ్ళీ వేసింది.
నోరు తెరిచింది.
ఆవలించింది.
మలుపులో నీళ్ళ లారీ హారను.
"ఒకటోసారి. రెండోసారి."
ఒక్క రూపాయి తరగని చీటీ
మా సందులో అదే మొదలు.
నా పేరు నేనే రాసుకోవాలి. చెయ్యి కదల్లేదు.
"రాయవే, లారీ పోతాంది!" తేసమ్మత్త తిట్టింది.

ఆ రాత్రి నాన్న చాలాసేపటికి కదిలాడు.
ఇరవై రెండేళ్ళు మ్యాన్‌హోళ్ళలో దిగి
వాసన పోగొట్టుకున్న మనిషి.
పూలు తెచ్చినా, వాడాయో లేదో
మమ్మల్నే అడుగుతాడు.
"ఇంతకీ ఆడ ఏం సదువుతావు?"
"మురికినీళ్ళు, నాన్నా."
నవ్వాడు. దగ్గొచ్చిందాకా నవ్వాడు.
"దానికి అంత దూరమా!
నన్నడిగితే చెప్పేవాణ్ణి గదా!"
దగ్గు తగ్గాక, గోడకేసి తిరిగి,
"ఆడ మనుషులు దిగతారా?"
"దిగరు."
"మరి?"

ఆ ఒక్క మాట పట్టుకుని విమానం ఎక్కాను.

ఇక్కడ కిటికీ తెరిస్తే చెవులు మండుతాయి.
ఐదో తారీఖున, లైబ్రరీ మెట్ల మీద,
ఫోను చెవికి ఆనించి
గరిటె చప్పుడు కోసం చూస్తాను.
లెక్కలు ఇంకా నావే.
పద్నాలుగు నెలలు అయ్యాయి, ఆరు మిగిలాయి.
ఎవరు ఎంతకి పాడారో
చేతితొడుగు తీసి రాసుకుంటాను.

రమణక్క ఇంకా పాడలేదు.
వాడెలా ఉన్నాడని
నేను ఇంకా అడగలేదు.